ఫ్యామిలీ సినిమాలు తీసుకుంటూ సొంత నిర్మాతగా బతకడం కుదిరే పనేనా? కావలి నుంచి అడుగుతున్నా

కావలి కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది కావలి, వయసు 31. హైదరాబాదులో ఏడేళ్ళు ఉన్నాను. అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరి, నాకు కథలకంటే లెక్కలే బాగా వస్తాయని తెలిసి ప్రొడక్షన్ వైపు మారిపోయాను. మూడు చిన్న సినిమాలకి ప్రొడక్షన్ మేనేజర్‌గా చేశాను. అందులో ఒకటి విడుదలే కాలేదు, ఇంకొకటి ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో మా అమ్మకి కూడా తెలీదు.

ఇప్పుడు నేనే నిర్మాతగా దిగుదామనుకుంటున్నా. పెద్ద హీరో, పెద్ద సెట్టింగులు నాకొద్దు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సినిమాలు, రెండు మూడేళ్ళకి ఒకటి చొప్పున తీసుకుంటూ పోవాలని ఆశ. మొదటి కథ రెడీగా ఉంది. చుట్ట కాల్చుకుంటూ అరుగు మీద కూర్చునే ఒక తాత, తొమ్మిదేళ్ళ మనవరాలు, ఒక ఒంగోలు గిత్త. అప్పు తీర్చడానికి తాత గిత్తని అమ్మేస్తే పాప దాన్ని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. కందుకూరు, సింగరాయకొండ, కనిగిరి చుట్టుపక్కలే షూటింగ్ అంతా. పాప బడి పోకూడదు కాబట్టి ఎండాకాలం సెలవుల్లో 28 రోజులు ఏకధాటిగా ఒకే షెడ్యూల్. పాప దాదాపు ప్రతి సీన్లోనూ ఉంటుంది. ఆ తర్వాత వచ్చే సంక్రాంతికి, పెద్ద సినిమాల మధ్య దూరడం కుదరకపోతే జనవరి ఆఖర్లో, రిలీజ్.

బడ్జెట్ కోటీ ఎనభై లక్షలు వేశాను. మా బావకి చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం, కోటి పెడతానంటున్నాడు. జువ్వలదిన్నె వైపు మాకు రొయ్యల గుంటలున్నాయి, నాన్న పోయాక లీజుకిచ్చేశాం, అవి తాకట్టు పెడితే ఒక యాభై వస్తుంది, మిగతా ముప్పై వడ్డీకి తేవాలి.

నా ప్రశ్న ఈ ఒక్క సినిమా గురించి కాదు. ఇదే పనిగా పెట్టుకుని ఇరవై ఏళ్ళు బతికినవాళ్ళు ఉన్నారా, ఉంటే సినిమాకీ సినిమాకీ మధ్య ఇల్లు ఎట్లా గడుస్తుంది, చేతిలో స్టూడియో గానీ చుట్టాల్లో హీరో గానీ లేనివాడికి ఇది ఉద్యోగంలాగా కుదిరే పనేనా? అమ్మ మాత్రం "మీ నాయన రొయ్యల్లో పోగొట్టింది చాల్లేదా, మిగిలింది నువ్వు సినిమాల్లో కలపాలా" అంటోంది. తెలిసినవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి.

పాత రెప్, నెల్లూరు

తమ్ముడూ, నేను సినిమా తీయలేదు. తీసినవాళ్ళ డబ్బు ఎటు పోయిందో దగ్గరుండి చూసినవాణ్ణి. 24 ఏళ్ళు ఒక డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో రెప్రజెంటేటివ్‌గా పనిచేశాను. రీళ్ళ పెట్టెలు బస్సు టాపు మీద వేసుకుని ఉదయగిరి, వింజమూరు తిరిగిన రోజుల నుంచి, సెల్‌ఫోన్లో కలెక్షన్ చెప్పే రోజుల దాకా.

నువ్వు రాసినదాంట్లో షూటింగ్ గురించి చాలా ఉంది, థియేటర్ గురించి ఒక్క ముక్కే ఉంది. అక్కడి నుంచి మొదలుపెడతా. ఫ్యామిలీ సినిమాకి ఉన్న తిప్పలేమిటంటే దాన్ని చూడాల్సినవాళ్ళు శుక్రవారం రారు. శుక్రవారం కుర్రాళ్ళు వస్తారు. ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరు చూసొచ్చి, సోమవారం నీళ్ళ ట్యాంకు దగ్గరో బడి గేటు దగ్గరో బాగుందమ్మా అంటే, అప్పుడు ఇంట్లో ఆడవాళ్ళు కదులుతారు. వాళ్ళు కదిలి టికెట్టు కొనే వేళకి రెండో వారం వచ్చేస్తుంది, నీ బొమ్మ ఎత్తేసి ఇంకోటి వేసేస్తారు. పాతరోజుల్లో ఉన్న కాసిని ప్రింట్లే ముందు నెల్లూరు, తర్వాత కావలి, గూడూరు, ఆ తర్వాత చిన్న ఊళ్ళు తిరిగేవి. నెలలు పట్టేది, ఆలోపు మాట పాకేది. ఇప్పుడు అన్నిచోట్లా ఒకే రోజు వేసి మూడో రోజుకి తేల్చేస్తున్నారు. కథ చెడ్డదై పోయిన సినిమాలకంటే, మాట పాకే టైము దొరక్క పోయినవే నేను ఎక్కువ చూశాను.

ఇక అద్దె సంగతి. చిన్న సినిమాకి ఎవరూ ఎంజీ, అంటే బొమ్మ ఆడినా ఆడకపోయినా ముందే ఇచ్చే గ్యారంటీ డబ్బు, ఇవ్వరు, అడ్వాన్సు కూడా కష్టమే, నువ్వే సొంతంగా రిలీజ్ చేసుకోవాలి. ఉదాహరణకి ఒక హాలు వారం అద్దె 2 లక్షలు అనుకో. పన్నులు పోగా లక్షా అరవై వేలు వసూలైతే నీకు షేర్ సున్నా, పైగా ఆ నలభై వేలు నువ్వే ఎదురు కట్టాలి. దాన్నే డెఫిసిట్ అంటాం. సినిమా తీయడానికే కాదు, ఆడించడానికి కూడా జేబులోంచి పోసినవాళ్ళు నాకు తెలుసు. మీద డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీలకి కట్టే ఛార్జీలు వేరే. వాటి మీదే 2018 మార్చిలో నిర్మాతలు ఎదురు తిరిగితే మన రెండు రాష్ట్రాల్లోనూ హాళ్ళు మూతపడ్డాయి, నీకు గుర్తుండే ఉంటుంది. ఛార్జీలు కాస్త తగ్గాయి గానీ పోలేదు. అందుకే పబ్లిసిటీకీ, రిలీజ్‌కీ బడ్జెట్లో నువ్వు ఏమీ రాయలేదని చూసి నాకు భయమేసింది. కోటీ ఎనభై అనేది ఫస్ట్ కాపీ లెక్కేనా, అంటే సినిమా పూర్తయి చేతికొచ్చేదాకా అయ్యే ఖర్చేనా? అయితే అది సగం లెక్కే.

ఇరవై ఏళ్ళు బతికినవాళ్ళు ఉన్నారా అన్నావు. మన పక్క కారంచేడు నుంచి పోయిన రామానాయుడు గారి సంగతే చూడు. 1963లో ఒక సినిమాలో భాగస్వామిగా దిగి, 1964లో సొంత సంస్థ పెట్టి రాముడు భీముడు తీశాడు. అంత పెద్ద హిట్టుతో మొదలుపెట్టినాయన కూడా 1971 నాటికి నష్టాల్లో మునిగి ఉంటే ప్రేమ్‌నగర్ ఒడ్డున పడేసింది. ఆ తర్వాత గిన్నిస్ రికార్డు, 2009కి ఫాల్కే అవార్డు, అన్నీ వచ్చాయి. కానీ ఆయన నిలబడింది సినిమాల మీద ఒక్కదాని మీదే కాదు, స్టూడియో కట్టాడు, డిస్ట్రిబ్యూషన్ పెట్టాడు. సొంత సినిమా పోయిన ఏడాది కూడా పక్కవాళ్ళ సినిమాల నుంచి అద్దె వచ్చేది. మన జిల్లా ఆలిమిలి మనిషి ఎమ్మెస్ రెడ్డి గారు కూడా అంతే, అందరూ పిల్లలతోనే 1997లో రామాయణం తీసి జాతీయ స్థాయిలో ఉత్తమ బాలల చిత్రం అవార్డు తెచ్చాడు, ఇప్పుడు ఆయన ఇంటి సంస్థ మల్లెమాల పేరు జనానికి తెలిసింది టీవీ షోల వల్ల. రెండో కుళాయి ఒకటి తిప్పి పెట్టుకున్నారు వీళ్ళు. నీ రెండో కుళాయి ఏది? రొయ్యల గుంటలే కదా. దాన్నే తాకట్టు పెడతానంటున్నావు.

ట్రంకు రోడ్డు టీ బంకు

కోటీ ఎనభై పెట్టి మినీ బైపాస్ మీద చేపల పులుసు హోటల్ పెట్టన్నా. రోజూ మూడు షోలు, హౌస్‌ఫుల్లు, డెఫిసిట్ లేదు. మిగిలిన పులుసు రెండో రోజు ఇంకా బాగుంటుంది, ఏ సినిమాకుంది ఆ సౌకర్యం?

రెండున్నర సినిమాల నిర్మాత, ఒంగోలు

పైన టీ బంకు అబ్బాయి చెప్పింది నవ్వులాటకే అయినా నేను ఒకసారి నిజంగానే ఆలోచించాను. నేను తీసినవి రెండు, మూడోది డిఐ, అంటే రంగులు సరిచేసే పని, దగ్గర ఆగి ఉంది, అందుకే రెండున్నర. పదమూడేళ్ళుగా ఇదే పని. కారు లేదు, అప్పూ లేదు.

మొదటి సినిమాలో నేను చేసిన తప్పు చెబుతా. ఫైనాన్షియర్ దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. డబ్బు తెచ్చేటప్పుడు ఆరు నెలల్లో తీర్చేస్తాం అనుకున్నా, షూటింగ్ నాలుగు నెలలు, పోస్ట్ ప్రొడక్షన్ ఐదు నెలలు, రిలీజ్ డేటు కోసం ఎదురుచూపులు ఏడు నెలలు, మొత్తం పదహారు నెలల వడ్డీ కట్టాను, అంటే వంద తెచ్చినచోట వడ్డీయే నలభై ఎనిమిది. రిలీజ్ ముందు రాత్రి అప్పులవాళ్ళ క్లియరెన్స్ రాకపోతే హాళ్ళలో ప్రొజెక్టర్‌కి తాళం తెరుచుకోదు, అది నీకు తెలిసిందే. ఆ రాత్రి గట్టెక్కడానికి టీవీ, డిజిటల్, డబ్బింగ్, ఇంకా పుట్టబోయే హక్కులతో సహా అన్నీ ఒకే కాగితం మీద ఒకరికే రాసిచ్చేశాను. సినిమా హాళ్ళలో ఆడలేదు. టీవీలో మాత్రం ఇప్పటికీ ప్రతి పండక్కీ వస్తుంది, మా అత్తగారింట్లో అందరూ కూర్చుని చూసి, నువ్వు భలే తీశావయ్యా అంటారు. నాకు అందులో రూపాయి రాదు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఎన్నేళ్ళకి ఇస్తున్నామో కాగితంలో రాయకపోతే ఐదేళ్ళే అని లెక్క, నా కాగితంలో మాత్రం శాశ్వతంగా అని వాళ్ళు రాయించారు, నేను చదవకుండా సంతకం పెట్టాను. సినిమా మీద కాపీరైట్ 60 ఏళ్ళు ఉంటుంది. నేను ఒక్క రాత్రి కోసం 60 ఏళ్ళు అమ్మాను.

రెండో సినిమా చిన్నగా తీశాను. స్నేహితులు ముగ్గురం, వడ్డీ లేని డబ్బు, 21 రోజులు. హాళ్ళలో అదీ అంతంతమాత్రమే. కానీ టీవీ హక్కులు గడువు పెట్టి ఇచ్చాను, గడువు అయిపోగానే మళ్ళీ అమ్మాను. హిందీ డబ్బింగ్ విడిగా. ఓటీటీ వాళ్ళు ఏకమొత్తంగా ఇవ్వం, చూసిన నిమిషాలని బట్టి ఇస్తాం అన్నారు, సరే అన్నాను. పెద్ద మొత్తాలేం కావు, ఒక నెల పిల్లల ఫీజు, ఒక నెల ఇంటద్దె, అట్లా వస్తుంటాయి. ఫ్యామిలీ సినిమాకి ఉన్న లాభం ఇదొక్కటే, యాక్షన్ సినిమా రెండేళ్ళకి పాతబడుతుంది, తాతా మనవరాలి కథ పదేళ్ళ తర్వాత కూడా ఎవరో ఒకరు మధ్యాహ్నం పూట పెట్టుకుంటారు. హక్కులు నీ దగ్గర ఉంటేనే ఆ మధ్యాహ్నం నీది. కాబట్టి పాత రెప్ గారు అడిగిన రెండో కుళాయికి నా జవాబు ఇది, సినిమా పక్కన ఇంకోటి పెట్టుకోవడం మంచిదే, అంతకంటే ముందు తీసిన సినిమాని చేతిలో ఉంచుకో.

మధ్యలో ఇల్లు గడవడానికి నేను లైన్ ప్రొడక్షన్ చేస్తాను. హైదరాబాదు నుంచి యూనిట్లు ఇటు షూటింగ్‌కి వస్తే లొకేషన్లు, పర్మిషన్లు, భోజనాలు, జూనియర్ ఆర్టిస్టులు అన్నీ నేను చూస్తాను. కొత్తపట్నం బీచ్‌లో రెండు రోజుల యాడ్ షూటింగ్‌తో మూడు నెలలు గడిచిన సందర్భాలున్నాయి. ఇది సిగ్గుపడే పని కాదు. ఇంకోటి, బడ్జెట్లో నిర్మాతగా నీ జీతం కూడా రాసుకో తమ్ముడూ, లాభం వస్తే తీసుకుందాంలే అనుకున్నవాళ్ళెవరూ తీసుకోలేదు.

ఇప్పుడు నీ కథకి వద్దాం. పాపకి తొమ్మిదేళ్ళు, ప్రతి సీన్లో ఉంటుంది, 28 రోజులు ఏకధాటిగా అన్నావు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలతో షూటింగ్ చేయాలంటే జిల్లా కలెక్టర్ అనుమతి కావాలి. రోజుకి 5 గంటలు మించకూడదు, అందులోనూ 3 గంటలకి మించి విరామం లేకుండా చేయించకూడదు. వరసగా 27 రోజులు దాటకూడదు, అంటే నీ షెడ్యూల్ ఒక్క రోజు తేడాతో తప్పుతోంది. పాప సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో ఆ పాప పేరనే ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. నాకైతే ఈ రూల్స్ న్యాయంగానే అనిపిస్తాయి, మాకూ పిల్లలున్నారు. కానీ లెక్క చూడు, ప్రతి సీన్లో ఉన్న పాప రోజుకి ఐదు గంటలే దొరికితే నీ 28 రోజులు నలభై అవుతాయి. ఆ పన్నెండు రోజుల బేటా (యూనిట్‌కి ఇచ్చే రోజు భత్యం), భోజనం, కెమెరా అద్దె ఎక్కడివి? పాప లేని సీన్లు తాతకి రాయించు.

గిత్త అంతకంటే పెద్ద చిక్కు. సినిమాలో ఏ జంతువు కనిపించినా జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి, షూటింగ్‌కి ముందే అడగాలి, సెన్సారు దగ్గర ఆ కాగితం అడుగుతారు. బోర్డు ఆఫీసు మన పక్కనే చెన్నైలో ఉండేది, ఇప్పుడు హర్యానాకి పోయింది. పైగా 2011 జూలైలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో ప్రదర్శనలకి వాడకూడని జంతువుల్లో ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహాలతో పాటు ఎద్దుని కూడా చేర్చారు. అందుకే చాలామంది గ్రాఫిక్స్ ఎద్దుని పెట్టి, కింద అది గ్రాఫిక్స్ అని అక్షరాలు వేస్తున్నారు. నీ బడ్జెట్లో గ్రాఫిక్స్ గిత్త అంటే అది గిత్తలా ఉండదు, గేదెలా ఉంటుంది. కథ అంతా దాని మీదే ఉంది కాబట్టి ముందు ఇది తేల్చుకుని తర్వాత కొబ్బరికాయ కొట్టు.

తాత నోట్లో చుట్ట తీసేయ్. ఉంటే ఆ సీన్ ఉన్నంతసేపూ కింద హెచ్చరిక, సినిమా మొదట్లో, మధ్యలో పొగాకు వద్దని చెప్పే ప్రకటనలు. ఫ్యామిలీ సినిమాకి వచ్చిన పిల్లలకి ముందు క్యాన్సర్ చూపించి తర్వాత తాతని చూపించాలి. సెన్సారులో ఇప్పుడు, పిల్లలు పెద్దల సలహాతో చూడాలనే యుఏ సర్టిఫికెట్‌ని 7, 13, 16 ఏళ్ళ లెక్కన మూడుగా చేశారు. నీకు శుభ్రంగా అందరూ చూడొచ్చనే యూ వచ్చే కథకి ఒక చుట్ట కోసం తలనొప్పెందుకు?

చివరగా, బేటాలు ఏ రోజువి ఆ రోజు ఇచ్చేయ్. మొదటి సినిమాలో నేను లైట్‌మెన్‌కి నాలుగు రోజులు ఆపాను. రెండో సినిమాకి అదే యూనిట్‌ని పిలిస్తే వచ్చారు గానీ, మొదటి రోజు పొద్దున టిఫిన్ దగ్గర ఒకాయన "ఈసారి ముందు ఇస్తారా సార్" అని చాలా మర్యాదగా అడిగాడు. పదమూడేళ్ళలో నన్ను అంత మర్యాదగా తిట్టినవాళ్ళు లేరు.

పొదిలి ఆడపడుచు

ఇక్కడ అందరూ నిర్మాతల వైపు నుంచే మాట్లాడుతున్నారు. నేను రెండు వైపులా చెప్పగలను, ఒకటి మా ఆయన ఒక సినిమాకి భాగస్వామి కాబట్టి, రెండు మీరందరూ ఆశపెట్టుకున్న ఆ ఫ్యామిలీ ప్రేక్షకురాలిని నేనే కాబట్టి.

ప్రేక్షకురాలిగా చెబుతా. మేం ఐదుగురం ఒంగోలు వెళ్ళి సినిమా చూడాలంటే బస్సు, టికెట్లు, పిల్లల పాప్‌కార్న్, రాత్రి హోటల్లో తిండి, అన్నీ కలిపి మా అత్తగారి నెల మందుల ఖర్చంత అవుతుంది. అందుకే ఏడాదికి ఒకటో రెండో, అవి కూడా పండగ పెద్ద సినిమాలే. తాతా మనవరాలి సినిమా అంటే నాకు చాలా ఇష్టం, కానీ నాలుగు వారాలు ఆగితే ఇంట్లోనే వస్తుంది కదా అనుకుంటాను, ఇందులో దాపరికం ఎందుకు. ఇంట్లో చూసే సినిమాకి నంది అవార్డుల్లో అక్కినేని గారి పేరుతో వేరే బహుమతే ఉండేది, ఆ రోజుల్లో అది పొగడ్త. ఇప్పుడేమో ఇంట్లో చూసే సినిమా అంటే హాల్లో ఎవరూ చూడని సినిమా అని అర్థం వచ్చేసింది. పాత రెప్ గారు సోమవారం ఆడవాళ్ళు కదులుతారన్నారు, మేం కదలడం మానేసి చాలా కాలమైందండీ.

ఇక రెండో వైపు. మా ఆయన డబ్బు పెట్టినప్పుడు ఫైనాన్స్ కాగితాల మీద హామీదారుగా నా సంతకం తీసుకున్నారు. ఊరికే ఫార్మాలిటీ అన్నారు. సినిమా పోయాక నోటీసు నా పేరు మీద వచ్చింది. నా 18 సవర్ల బంగారం ఇప్పటికీ బ్యాంకులోనే ఉంది, పెళ్ళిళ్ళకి రోల్డ్‌గోల్డ్ వేసుకుని వెళ్తున్నా. తమ్ముడూ, నీకు పెళ్ళయిందో లేదో రాయలేదు. మీ బావ కోటి పెడతానన్నాడంటే ఆ కోటిలో మీ అక్క సంతకం ఎక్కడైనా ఉందేమో చూడు. రేపు సినిమా పోతే నీకూ బావకీ మధ్య మాటలు పోతాయి, అదెట్లాగోలా కలుస్తుంది. మీ అక్క పుట్టింటికీ అత్తింటికీ మధ్య నలిగిపోతుంది, ఆ సంగతి మగవాళ్ళు ఎవరూ బడ్జెట్లో రాయరు.

ఆడిటర్ బాబాయ్

పొదిలి అమ్మాయి చెప్పింది నూటికి నూరు పాళ్ళు. బావ అయినా బావమరిది అయినా ఎల్‌ఎల్‌పీ (ఎవరి బాధ్యత వాళ్ళు పెట్టినంత వరకే ఉండే భాగస్వామ్య సంస్థ) పెట్టుకోండి, ఎవరెంత పెట్టారు, నష్టమొస్తే ఎవరికెంత, హక్కులు ఎవరి పేరున ఉంటాయి, మధ్యలో డబ్బు చాలకపోతే ఎవరు తేవాలి, ఈ నాలుగూ రాయండి. నాలుగోది ఎవరూ రాయరు, తగాదాలన్నీ అక్కడే వస్తాయి.

సంక్రాంతి రిలీజ్ గురించి ఒక్క మాట, దీన్ని సినిమావాళ్ళు పట్టించుకోరు. 2026 మార్చి దాకా ఉన్న ఆదాయపు పన్ను రూల్స్‌లో 9ఏ అని ఒకటుండేది. సినిమా విడుదలైన రోజు నుంచి మార్చి 31కి కనీసం 90 రోజులు ఉంటేనే నిర్మాణ ఖర్చు మొత్తం ఆ ఏడాది లెక్కలో రాసుకోనిస్తారు. లేకపోతే ఆ సినిమా మీద ఆ ఏడాది ఎంత వచ్చిందో అంత వరకే ఖర్చు, మిగతాది వచ్చే ఏడాదికి పోతుంది. సంక్రాంతి నుంచి మార్చి ఆఖరుకి ఎనభై రోజులు కూడా ఉండవు. సినిమా ఒక్కటే వ్యాపారమైతే పెద్ద తేడా ఉండదు గానీ, అదే సంస్థలో లైన్ ప్రొడక్షన్ లాంటి ఆదాయం ఉంటే, ఈ ఏడాది దాని మీద పన్ను కట్టి సినిమా నష్టాన్ని వచ్చే ఏడాది చూసుకోవాల్సి వస్తుంది. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి నంబర్లు మారాయి, రిలీజ్ నాటికి ఉన్న రూల్ చూసుకుని డేటు పెట్టుకో. అలాగే ఒక్కొక్కరికీ మొత్తమ్మీద 50 వేలు దాటి ఇచ్చిన చెల్లింపుల వివరాలు నిర్మాత ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళకి విడిగా ఇవ్వాలి. కాగితం లేకుండా చేతికి ఇచ్చిన డబ్బు నాకు చెప్పొద్దు, నాకు వినపడదు.

కావలి కుర్రాడు

అందరికీ చాలా థాంక్స్. రెండు రోజులు సమాధానం రాయలేదు, రాయడానికి మొహం చెల్లలేదు, బడ్జెట్ మళ్ళీ వేస్తూ కూర్చున్నా.

రెప్ అన్నా, మీరన్నది నిజమే, కోటీ ఎనభై ఫస్ట్ కాపీ లెక్కే. రిలీజ్ సంగతి కొనేవాళ్ళు చూసుకుంటారులే అనుకున్నా. రెండున్నర అన్నా, మీ మూడు రూపాయల వడ్డీ లెక్క నా ముప్పై లక్షలకి వేసి చూశాను, పదహారు నెలలకి 14 లక్షల 40 వేలు. ఆ ముప్పై తీసుకోవడం లేదు. గుంటలు తాకట్టు పెట్టడం కూడా లేదు, ఆ మాట చెప్పగానే అమ్మ రెండు నెలల తర్వాత నాతో మామూలుగా మాట్లాడింది.

పొదిలి అక్కా, నాకింకా పెళ్ళి కాలేదు. మీరు రాసింది చదివి అక్కకి ఫోన్ చేశాను. బావ ఇంటి కాగితాల మీద అక్క చేత ఆల్రెడీ సంతకం పెట్టించాడట, నాకు తెలీనే తెలీదు. అది వెనక్కి తీసుకుంటేనే సినిమా అన్నాను. బావకి కోపమొచ్చింది. రెండో రోజు ఆయనే ఫోన్ చేసి, కోటి కాదు, అరవై అయితే తాకట్టు లేకుండా ఇస్తాను, కాగితం రాసుకుందాం అన్నాడు. అంటే ఉన్నది అరవై. అందులో ఇరవై రిలీజ్‌కి పక్కన పెడితే సినిమాకి నలభై. కోటీ ఎనభై కథని నలభైలో ఎట్లా తీయాలి అని డైరెక్టర్‌ని అడిగితే రాత్రంతా కూర్చుని తిరగరాశాడు. కనిగిరి, సింగరాయకొండ పోయాయి, అంతా ఒక్క ఊళ్ళోనే. పాప సగం సీన్లలోనే ఉంటుంది, మిగతా సగం తాతా, ఊళ్ళోవాళ్ళూ. చుట్ట పోయింది. గిత్త ఆవైపోయింది. దానికీ అనుమతి కావాలని తెలుసు, దరఖాస్తు ముందే పెడతాం. డైరెక్టర్ మొదట ఏడుపు మొహం పెట్టాడు గానీ, ఆవుకి దూడ పుట్టే సీన్ ఒకటి తట్టిందట, ఇప్పుడు గిత్త కథకంటే ఇదే బాగుందంటున్నాడు. పుట్టే సీన్ ఆవుతో తీయకుండా, గోడ అవతల పాప మొహం మీద తీస్తాం అంటున్నాడు.

రెండున్నర అన్నా, ఈ ఏడాది మీ దగ్గర లైన్ ప్రొడక్షన్‌లో పని ఉంటే చెప్పండి. జీతం ఎంతైనా పర్లేదు. రెప్ అన్నా, రిలీజ్ ఖర్చు ఇరవై లక్షలు సరిపోతుందా, ఎన్ని హాళ్ళు వేయాలి? ఒకసారి నెల్లూరు వచ్చి కలవొచ్చా?

రెండున్నర సినిమాల నిర్మాత, ఒంగోలు

వచ్చే నెల మొదటి వారంలో ఒక యూనిట్ దిగుతోంది, పది రోజుల పని. మెసేజ్ పెట్టు. బేటా ఏ రోజుది ఆ రోజే ఇస్తాను.

పాత రెప్, నెల్లూరు

రా తమ్ముడూ. ఇరవై లక్షలతో రాష్ట్రమంతా వేయాలని చూడకు, అన్నీ డెఫిసిట్లే మిగులుతాయి. ఎనిమిదో పదో సెంటర్లు, అద్దె కాకుండా వసూళ్ళలో వాటా మీద ఒప్పుకునే హాళ్ళు, రోజుకి ఒకటో రెండో ఆటలు, మూడు వారాలు ఉంచుతామని ముందే మాట తీసుకుని వేద్దాం. పొదిలి అమ్మ కదలనంది కదా, హాలు తన ఊరికి దగ్గర్లోనే ఉండి, బొమ్మ మూడు వారాలు ఉంటే కదులుతుందో లేదో చూద్దాం. నా దగ్గర పాత డైరీలున్నాయి, ఏ ఊళ్ళో ఏ సినిమా రెండో వారం పెరిగిందో రాసుకున్నవి, అవి చూపిస్తా. శుక్రవారం పొద్దున మాత్రం రావద్దు. పని మానేసి ఆరేళ్ళయినా, మార్నింగ్ షో ఎట్లుందని ఇప్పటికీ నాలుగు ఊళ్ళకి ఫోన్లు చేస్తుంటాను, ఆ రెండు గంటలూ ఇంట్లోవాళ్ళతో కూడా మాట్లాడను.